చారిత్రక నగరంలో పర్యావరణ హిత పర్యాటక విధానం: ఓరుగల్లు కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన మన నగరానికి పర్యాటక విధానం ఎలా ఉండాలన్న మాట ఎక్కడ మొదలైనా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. కోటలో నివసించే కుటుంబాలవారు, వార్డు సభ్యులు, విద్యార్థులు, లాడ్జీల యజమానులు, చెరువుల కోసం తపించే మిత్రులు అడిగిన ప్రశ్నలను వారి మాటల్లోనే ఉంచి, దశలవారీగా జవాబులు కూర్చాను. ఏ ప్రశ్ననైనా విడిగా చదువుకోవచ్చు.

## మొదటి దశ: విధానం ఎందుకు, ఎవరి కోసం

పర్యాటకులు రావడమే మన అదృష్టం కదా, దానికి మళ్లీ నిబంధనలు ఎందుకు?

రావడం మంచిదే, ఇంకా రావాలి కూడా. అయితే వచ్చే ప్రతి మనిషీ నగరం నీళ్లు తాగుతాడు, నగరం రోడ్డుమీద బండి నిలుపుతాడు, నగరం చెత్తబండికి కొంత బరువు పెంచి వెళతాడు. ఆ భారాన్ని ఎవరు, ఎక్కడ, ఎంతవరకు మోయాలో ముందే నిర్ణయించుకోకపోతే అది చెప్పకుండానే అక్కడ నివసించేవారి నెత్తిన పడుతుంది. వెనిస్ పాత నగరంలో 1951లో దాదాపు 1,75,000 మంది ఉండేవారు. 2022 నాటికి వారి సంఖ్య 50,000 కంటే కిందికి పడిపోయింది. ఉపాధి, ఇళ్ల ధరలు వంటి కారణాలు అనేకం ఉన్నా, ఇళ్లన్నీ పర్యాటకుల బసలుగా మారిపోవడం వాటిలో ముఖ్యమైనది. ఓరుగల్లు ఆ స్థితికి రాలేదు. రాకముందే రాసుకున్న విధానానికి ఖర్చు తక్కువ, కన్నీళ్లూ తక్కువ.

వేయిస్తంభాల గుడిని, కోటను పురావస్తు శాఖ చూసుకుంటోంది కదా. నగరానికి వేరే విధానం ఏమిటి?

పురావస్తు శాఖ కాపాడేది కట్టడాన్ని. నగరం అంతకంటే పెద్దది. కాకతీయులు గుళ్లు, తోరణాలు మాత్రమే కట్టలేదు. మట్టికోట, కందకం, రాతికోట, వాటిచుట్టూ గొలుసుకట్టు చెరువులు అన్నీ కలిపి ఒక ఏర్పాటుగా నిర్మించారు. చారిత్రక పట్టణాన్ని నీటివనరులు, వీధులు, వృత్తులు, నివాసాలతో సహా ఒకే భూదృశ్యంగా చూడాలని యునెస్కో 2011లో సభ్యదేశాలకు సిఫారసు చేసింది.

దీన్ని కళ్లారా చూడాలంటే ఆదివారం మధ్యాహ్నం రాతికోట ద్వారం దగ్గర ఒక గంట నిలబడితే చాలు. శత్రుసేన వేగంగా దూసుకురాకుండా ఆ దారిని కావాలనే వంపు తిప్పి కట్టారు. ఇప్పుడు ఆ వంపులో పొలం నుంచి వచ్చే ట్రాక్టరు, పిల్లలను ఎక్కించుకున్న ఆటో, పర్యాటకుల బస్సు ఎదురెదురుగా ఇరుక్కుంటాయి. ఎవరో ఒకరు దిగి, రాతిగోడకు బండి ఒరుసుకోకుండా చేయి ఊపుతూ వెనక్కి తోలిస్తారు. ఆ గోడ కేంద్ర రక్షణలో ఉంది. ఆ రోడ్డు, ఆ బస్సు, ఆ పొగ మాత్రం ఏ కట్టడాల చట్టంలోనూ పూర్తిగా ఇమడవు. నగర విధానం చూసుకోవలసింది వాటినే.

మొక్కలు నాటి, బ్యాటరీ బండ్లు తిప్పితే పర్యావరణ హితం అయినట్టేనా?

కాదు. అవి కంటికి కనిపించే పనులు కాబట్టి ముందుగా గుర్తొస్తాయి. అసలు భారం నీటి వాడకంలో, మురుగు చేరే చోటులో, చెత్తలో, వాహనాల్లో, కొత్త కాంక్రీటులో ఉంటుంది. ఈ ఐదింటికి అంకెలు లేని పత్రాన్ని విధానం అనలేము.

హృదయ్ పథకం వచ్చింది, పోయింది. మళ్లీ కొత్తగా ఏం మారుతుంది?

వారసత్వ నగరాల అభివృద్ధి కోసం 2015 జనవరిలో కేంద్రం ప్రారంభించిన హృదయ్ పథకానికి దేశంలో 12 నగరాలను ఎంపిక చేశారు. వాటిలో వరంగల్, అమరావతి రెండూ ఉన్నాయి. మొత్తం కేటాయింపు రూ. 500 కోట్లు. 2019 మార్చితో పథకం ముగిసింది. అది పనుల పథకం: నిధులు వస్తాయి, పనులు పూర్తవుతాయి, గడువు తీరుతుంది. విధానానికి గడువు తీరదు. వేసిన నడకదారిని ఎవరు ఊడవాలి, దీపం పాడైతే ఎవరు మార్చాలి, ఆ దారిలో బండి నిలిపినవారిని ఎవరు ఆపాలి అన్నవి పథకం ముగిసిన మరుసటి రోజు ఉదయం మొదలయ్యే ప్రశ్నలు. వాటికి జవాబు రాసిపెట్టుకోవడమే మనం చేయవలసిన కొత్త పని.

## రెండవ దశ: లెక్కలు

ఎంతమంది వస్తే ఎక్కువైనట్టు? ఎవరు చెప్పాలి?

దీనికి ఒక పద్ధతి ఉంది, దాన్ని మోయగల సామర్థ్యం లెక్క అంటారు. మూడు మెట్లలో వేస్తారు. ఉదాహరణకు ఒక ప్రాంగణంలో నడవగలిగిన చోటు 1,000 చదరపు మీటర్లు ఉందనుకుందాం. ఒక్కొక్కరికి 4 చదరపు మీటర్లు కావాలనుకుంటే ఒకే సమయంలో 250 మంది పడతారు. ఒక్కొక్కరు గంటసేపు ఉంటారనుకుంటే, 8 గంటలు తెరిచి ఉంచే చోట రోజుకు 2,000 మంది. ఇది కేవలం చోటు చెప్పిన లెక్క.

రెండవ మెట్టులో వాస్తవాలను తీసివేయాలి. మే నెలలో రాయి కాలిపోయే మధ్యాహ్నం మూడు గంటలు ఎవరూ నిలవలేరు. వానలో కొంత భాగం జారుతుంది. పూజా సమయాల్లో గర్భాలయం ముందు భక్తులకే చోటు ఉండాలి. మూడవ మెట్టులో నిర్వహణ శక్తిని చూడాలి. మరుగుదొడ్లు ఎన్ని, కాపలా ఎంతమంది, చెత్తబండి రోజుకు ఎన్నిసార్లు వస్తుంది? ఈ మెట్లన్నీ దిగేసరికి 2,000 కాస్తా 900 కావచ్చు. ఈ అంకెను కలెక్టరు కార్యాలయంలో కూర్చుని నిర్ణయించకూడదు. అర్చకుడిని, కాపలాదారుని, పారిశుధ్య కార్మికురాలిని కూర్చోబెట్టుకుని అడిగితే వారు చెప్పే అంకె చాలావరకు సరైన అంకెకు దగ్గరగా ఉంటుంది.

టికెట్ల లెక్క ఉంది కదా, మళ్లీ మనుషులను లెక్కపెట్టడం ఎందుకు?

వేయిస్తంభాల గుడివంటి పూజలందుకునే ఆలయాలకు టికెట్ లేదు. అక్కడి అసలు రద్దీ టికెట్ పుస్తకంలో కనిపించదు. ఎంగిలిపూల బతుకమ్మ సాయంత్రం ఆ ప్రాంగణంలో కాలు పెట్టే చోటు ఉండదు. వారం తరువాతి మంగళవారం మధ్యాహ్నం పావురాలు తప్ప పెద్దగా ఎవరూ ఉండరు. సగటు తీస్తే రెండు రోజులూ అబద్ధమవుతాయి. అందుకే సాధారణ రోజు, ఆదివారం, శివరాత్రి, కార్తీక పౌర్ణమి, బతుకమ్మ రోజులు, మేడారం జాతర రోజులు విడివిడిగా, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గేటు దగ్గర లెక్కించాలి. స్థానిక కళాశాలల విద్యార్థులు ఒక సంవత్సరంలో ఈ పని చక్కగా పూర్తి చేయగలరు.

కొత్త హోటళ్లు వస్తే నీళ్లకు కరువు వస్తుందా?

మురుగునీటి వ్యవస్థ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున సరఫరాను ప్రణాళిక చేస్తారు. సాధారణ హోటల్‌లో పడకకు 180 లీటర్లు అని భారతీయ ప్రమాణం చెబుతోంది. ఈతకొలను, పచ్చిక మైదానం, దుప్పట్ల ఉతుకు ఉన్నచోట వాస్తవ వాడకం ఇంకా పెరుగుతుంది. కాబట్టి గదుల సంఖ్య చూసి అనుమతి ఇవ్వడం కాకుండా, నీరు ఎక్కడినుంచి తెస్తారు, ఎంత తిరిగి శుద్ధి చేస్తారు, వాననీటిని ఎక్కడ ఇంకిస్తారు అన్న మూడింటికి కాగితం మీద జవాబు తీసుకున్న తరువాతే అనుమతి ఇవ్వాలని విధానంలో రాయాలి. పక్క వీధికి రెండు రోజులకొకసారి నల్లా వచ్చే చోట కొత్త బోరుకు అనుమతి ఇవ్వడం న్యాయం కాదు.

## మూడవ దశ: ముసాయిదా రాసేటప్పుడు

మా ఇల్లు గుడికి దగ్గరలో ఉంది. ఇక మేము ఏమీ కట్టుకోలేమా?

కేంద్ర రక్షిత కట్టడం సరిహద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ దీన్ని చట్టంలోనే చేర్చింది. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణం కుదరదు; ఉన్న ఇంటికి మరమ్మతులు మాత్రం అనుమతితో చేసుకోవచ్చు. నియంత్రిత ప్రాంతంలో కొత్త నిర్మాణానికి కూడా అనుమతి తీసుకునే వీలుంది.

ఈ నిబంధనవల్ల కట్టడాలకు మేలు జరిగింది, వాటి పక్కన పుట్టి పెరిగినవారికి మాత్రం కష్టం కలిగింది. కారుతున్న కప్పు బాగుచేసుకోవడానికి కూడా కాగితాల చుట్టూ తిరగలేక చాలామంది చెప్పకుండానే స్లాబు వేసేస్తారు. నగరపాలక సంస్థలో ఒక సహాయక కేంద్రం పెట్టి, మరమ్మతు దరఖాస్తులను అక్కడే నింపించి పంపే ఏర్పాటు ఉంటే ఈ దొంగచాటు కాంక్రీటు చాలావరకు తగ్గుతుంది. డంగు సున్నం, మట్టి, రాయి వాడే మేస్త్రీల పేర్లు కూడా అదే కేంద్రంలో దొరకాలి.

చెరువు గట్టుమీద పార్కు, బోటింగ్, హోటల్ పెడితే నగరానికే కదా ఆదాయం?

ఈ ప్రశ్న నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతుంది. ఎందుకంటే ఓరుగల్లులో చెరువులు అలంకారాలు కావు, అవి నగరానికి ప్రాణాధారాలు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నాటివి, నేటికీ పొలాలకు నీరిస్తున్నాయి. ఒక చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు నీరు చేరే ఏర్పాటు ఈ ప్రాంతమంతటా ఉంది. ఆ దారిలో నాలా ఇరుకైనా, చెరువు నీరు నిలిచే శిఖం భూమి పూడినా నీరు తన దారి వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తుంది. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లో నడుములోతు నీళ్లలో నిలబడినవారికి ఇది ఎవరూ చెప్పనక్కరలేదు.

కాబట్టి చెరువు దగ్గర పర్యాటకం ఉండవచ్చు, చెరువులో ఉండకూడదు. పూర్తి నీటిమట్టం గీతను ముందు నేలమీద రాళ్లు పాతి గుర్తించాలి; కాగితంమీది గీతకు జరిగిపోయే అలవాటు ఉంది. ఆ గీత లోపల ఏ కట్టడానికీ అనుమతి ఉండకూడదు. గట్టుమీది నడకదారిని నీరు ఇంకే మొరంతో వేయాలి, సిమెంటుతో కాదు. తూములను, మత్తడిని మూసే వేదికలు, ఫోటోల కోసం పెట్టే బొమ్మలు వద్దు. రాత్రి దీపాలు కిందికి మాత్రమే వెలుగు పడేలా ఉంటే పక్షులకు ఇబ్బంది తగ్గుతుంది. తినుబండారాల దుకాణాల మురుగు చెరువులో కలవదని రుజువు లేనిదే లైసెన్సు ఇవ్వరాదు.

పాత నీటి కట్టడాన్ని బాగుచేస్తే అదే ఆకర్షణ అవుతుందనడానికి హైదరాబాదులో మంచి ఉదాహరణలున్నాయి. చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని శుభ్రం చేసి 2022 డిసెంబరులో తెరిచారు. కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలోని బావులను పునరుద్ధరించి, వాటిలో చేరిన వాననీటిని ఆ తోటలకే వాడుతున్నారు. ఓరుగల్లు కోటలోనూ, చుట్టుపక్కలా ఉన్న మెట్లబావులకు ఇదే దారి చూపవచ్చు.

వాహనాలను ఎక్కడ ఆపాలి? ముసలివాళ్లు నడవగలరా?

తాజ్‌మహల్ చుట్టూ 500 మీటర్ల లోపలికి మోటారు వాహనాలను రానివ్వరు. బయటే నిలిపి బ్యాటరీ బండ్లలో తీసుకెళతారు. హంపీలో విఠ్ఠలాలయానికి కూడా చివరి దూరం బ్యాటరీ బండ్లమీదే. మన కోటకు మట్టికోట వెలుపలే బస్సులు, కార్లు ఆగేలా చోటు చూసి, లోపలికి చిన్న బండ్లు తిప్పవచ్చు. ఆ బండ్లను బయటి గుత్తేదారుకు ఇవ్వకుండా, ఇప్పుడు కోట దారిలో ఆటో నడుపుతున్నవారికే రుణంతో ఇప్పించాలి. లేకపోతే పొగ తగ్గినా కడుపు మంట మిగులుతుంది. కోట లోపలి నివాసుల వాహనాలకు, అంబులెన్సుకు, పొలం పనుల ట్రాక్టర్లకు ఎప్పుడూ దారి ఉండాలి. నడకదారిలో ప్రతి రెండు మూడు వందల మీటర్లకు చెట్టు నీడ, కూర్చోవడానికి అరుగు ఉంటే వృద్ధులకు కూడా కష్టం ఉండదు.

పండుగలు, జాతర రోజుల చెత్తను ఎలా తట్టుకోవాలి?

మేడారం జాతర ములుగు అడవిలో జరిగినా, దానికి వెళ్లేవారిలో లక్షలమంది వరంగల్ మీదుగానే సాగుతారు. రెండేళ్లకొకసారి వచ్చే ఆ వారానికి వేరే ప్రణాళిక ఉండాలి. 2016 ఘనవ్యర్థాల నిబంధనలే నూరుమందికి మించిన కార్యక్రమానికి కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలని, చెత్తను పుట్టినచోటే వేరు చేయాలని చెప్పాయి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిపై 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. నీళ్ల సీసాలు మాత్రం ఆ జాబితాలో లేవు. అందుకే నిషేధాన్ని నమ్ముకుని కూర్చోకుండా, బస్టాండులో, కోట గేటు దగ్గర, గుడి దగ్గర చల్లని శుద్ధజలం నింపుకునే కుళాయిలు పెట్టాలి. నీళ్లు ఉచితంగా దొరికే చోట సీసా కొనేవారు తక్కువ.

బతుకమ్మ పూలు చెత్త కావు. తంగేడు, గునుగు, బంతి చెరువులో కలిసిపోవడం మన ఆచారం. వాటితోపాటు వెళ్లే ప్లాస్టిక్ పళ్లేలు, మెరుపు కాగితాలు, రంగులద్దిన పూలే సమస్య. ఈ తేడా తెలియకుండా రాసిన ఆంక్షలను ఆడపడుచులు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కరలేదు కూడా.

అందంగా కనిపించాలంటే తోపుడుబండ్లను తీసేయాలి కదా?

వద్దు. హంపీలో 2011 జూలైలో విరూపాక్షాలయం ముందున్న బజారు మండపాల్లో ఏళ్లుగా నివసిస్తూ దుకాణాలు నడుపుకుంటున్న కుటుంబాలను ఖాళీ చేయించారు. రాళ్లు మిగిలాయి, వీధి బోసిపోయింది. పాత కట్టడాలకు హాని చేసే నిర్మాణాలను తొలగించవలసి రావచ్చు, కానీ మనుషులను ఎక్కడికి పంపుతామో ముందు తేలాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వ్యాపార కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. పర్యాటక విధానం ముసాయిదా ఆ కమిటీ ముందుకు రాకుండా ఆమోదం పొందకూడదు. మక్కకంకులు కాల్చి అమ్మే అవ్వ పర్యాటకుడికి ఈ నగరంలో దొరికే మొదటి ఆతిథ్యం.

## నాలుగవ దశ: అమలు, డబ్బు

ప్రవేశ రుసుము పెంచితే రద్దీ తగ్గుతుందా?

రుసుము డబ్బు తెస్తుంది, రద్దీని అంతగా తగ్గించదు. వెనిస్ 2024 ఏప్రిల్ 25 నుంచి రాత్రి బస చేయకుండా వెళ్లిపోయేవారి మీద 5 యూరోల రుసుము విధించింది; ఆ ఏడాది 29 రోజులు అమలు చేస్తే సుమారు 24 లక్షల యూరోలు వచ్చాయి, జనం మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. తాజ్‌మహల్‌లో లోపలి సమాధి గది చూడటానికి 2018 డిసెంబరు నుంచి అదనంగా రూ. 200 తీసుకుంటున్నారు, అదే ఏడాది టికెట్‌కు మూడు గంటల గడువు కూడా పెట్టారు. కట్టడంలో బాగా అరిగే భాగానికి మాత్రమే వేరే రుసుము పెట్టడం, సమయ పరిమితి పెట్టడం కొంత తెలివైన పద్ధతులు. మన దగ్గర గుళ్లకు రుసుము మాట ఎత్తకూడదు. పార్కింగుకు, పెద్ద బస్సులకు తీసుకుని, ఆ డబ్బు ఆ వార్డులోనే పారిశుధ్యానికి ఖర్చయ్యేలా ప్రత్యేక ఖాతా పెట్టాలి. ఖాతా లెక్క గేటు దగ్గర బోర్డుమీద రాస్తే ఎవరూ సణగరు.

ఇన్ని శాఖలున్నాయి. చివరికి ఎవరి బాధ్యత?

కేంద్ర పురావస్తు సర్వేక్షణ సంస్థ, రాష్ట్ర వారసత్వ శాఖ, పర్యాటక శాఖ, నగరపాలక సంస్థ, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, నీటిపారుదల శాఖ, దేవాదాయ శాఖ: ఒక్క గుడి, దాని పక్క చెరువు విషయంలోనే ఇంతమంది ఉంటారు. హంపీ దగ్గర తుంగభద్రమీద కడుతున్న ఆనెగుంది వంతెన కారణంగా ఆ స్థలాన్ని యునెస్కో 1999లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. కర్ణాటక 2002లో ప్రత్యేక చట్టంతో నిర్వహణ ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసింది, 2006లో హంపీ ఆ జాబితానుంచి బయటపడింది. ప్రమాద హెచ్చరిక వచ్చేదాకా ఆగకుండా, ఓరుగల్లుకు అన్ని శాఖలనూ ఒక తాటిమీదికి తెచ్చే ఒక కమిటీ, దానికి జవాబుదారీగా ఒకే అధికారి ఉండాలి.

రామప్పకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. దానివల్ల వరంగల్‌కు ఏమిటి?

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 2021 జూలై 25న ఆ గుర్తింపు వచ్చింది. హైదరాబాదునుంచి తెల్లవారుజామున బయలుదేరి, రామప్ప చూసి, రాత్రికి తిరిగి వెళ్లిపోయేవారే ఎక్కువ. వారివల్ల దారికి పొగ, గుడి ఉన్న పాలంపేటకు చెత్త మిగులుతాయి. ఆదాయం హైవే పక్క దాబాలకు పోతుంది. ఒక రాత్రి వరంగల్‌లో ఆగేలా చేయగలిగితే అంతే మందితో ఇంకా ఎక్కువ ప్రయోజనం ఉంటుంది. ఉదయం కోట, మధ్యాహ్నం ఎండలో కొత్తవాడ మగ్గాల నీడ, సాయంత్రం వేయిస్తంభాల గుడి, మరునాడు ఆర్టీసీ బస్సులో రామప్ప. వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. నేసినవారి చేతినుంచి కొనే వీలు పర్యాటకుడికి కల్పించాలి. భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. అక్కడి పెద్ద ఆకర్షణ మగ్గమే.

## ఐదవ దశ: సమీక్ష

విధానం పనిచేస్తోందో లేదో మామూలు మనుషులకు ఎలా తెలుస్తుంది?

ఏటా ఎంతమంది వచ్చారన్నది ఒక్కటే చూసి మురిసిపోకూడదు. కోటలో వేసవిలో బోరు నీరు ఎంత లోతుకు దిగింది, ఆదివారం ఎంత చెత్త ఎత్తారు, చెరువు నీటి పరీక్ష ఫలితం ఏమిటి, కోటలో ఇంకా ఎన్ని కుటుంబాలు నివసిస్తున్నాయి, ఒక్కో పర్యాటకుడు సగటున ఎన్ని రాత్రులు ఆగాడు: ఈ ఐదు అంకెలు ఏటా ఒకే నెలలో తెలుగులో ప్రకటిస్తే ఎవరైనా పోల్చుకోవచ్చు.

ముసాయిదామీద మా అభ్యంతరం ఎక్కడ, ఎలా చెప్పాలి?

మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకు గడువు ప్రకటిస్తారు. పర్యాటక విధానానికి కూడా అదే పద్ధతి పాటించాలని ముందుగా లిఖితపూర్వకంగా కోరండి. అభ్యంతరాన్ని ఒక పేజీలో, సర్వే నంబరు లేదా వీధి పేరుతో, ఫోటో జతచేసి, తేదీ ముద్ర వేయించుకున్న రసీదుతో ఇవ్వండి. "పర్యావరణం దెబ్బతింటుంది" అన్న వాక్యాన్ని పక్కన పెట్టేయడం సులువు; "ఈ నాలా వెడల్పు ఫలానా వంతెన దగ్గర ఇన్ని అడుగులే ఉంది, మీ నడకదారి గీత దానిమీదుగా పోతోంది" అన్నదాన్ని పక్కన పెట్టడం కష్టం. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద మీ అభ్యంతరంమీద ఏ నిర్ణయం తీసుకున్నారో దస్త్రం నకలు అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి.